పొగ డబ్బాకు గొంతు

కోసీవా నోరు మంచిది కాదని కయ్యవాడ అంతటికీ తెలుసు. అందరికంటే ముందు ఆ సంగతి కోసీవాకే తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, ముందు ఊరు మంచిదైతే తన నోటి సంగతి తర్వాత చూద్దామన్నది ఆవిడ పట్టు. డెబ్భై దాటినా ఆ పట్టు సడలలేదు. పొద్దున లేచింది మొదలు అగ్బోజో వారి లోగిట్లో ఎవరో ఒకరు ఆవిడ చేత తిట్లు తినాలి. తినకపోతే ఆ రోజు ఆవిడకి ఒంట్లో బాగాలేదన్నమాట.

ఆ రోజు వంతు డోగ్బేది. డోగ్బే ఆవిడ సవతి కొడుకు. సవతి పోయి చాలాకాలమైంది గానీ, ఆమె వదిలి వెళ్ళిన కోపం మాత్రం కొడుకు దగ్గర భద్రంగా ఉంది. రోడ్డు పక్కన చిన్న కొట్లో రేడియోలూ ఫోన్లూ బాగుచేస్తాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, వేపచెట్టు కింద గోనెసంచి బోర్లించి, పాడైపోయిన సామానంతా ఇసకలో పరిచాడు. విరిగిన సోలార్ దీపం, చచ్చిన లాప్‌టాప్ బ్యాటరీ, టార్చి ఉన్న సిగరెట్ లైటర్, ఖాళీ పాలడబ్బా, పొట్ట నొక్కితే మాట్లాడే ఎలుగుబంటి బొమ్మ. కోసీవా తన గది గుమ్మంలో పీట మీద కూర్చుని చూస్తోంది.

"ఊళ్ళో చెత్తంతా మనింటికి చేర్చావన్నమాట," అంది. "మీ అమ్మా ఇంతే. కాపరానికొచ్చేటప్పుడు పుట్టింట్లో అరిగిపోయిన చీపురు కూడా వదల్లేదు."

"పొగ కనిపెట్టే డబ్బా చేస్తున్నాను పెద్దమ్మా. మా అమ్మని వదిలెయ్."

"ఈ ఇంట్లో పొగ కనిపెట్టడానికి డబ్బా ఎందుకురా? ముక్కున్నవాడెవడైనా చాలడూ?"

అది నిజమే. ఆ ఇల్లు పొగలోనే బతుకుతోంది. తూర్పు పక్క కొబ్బరాకుల పాకలో మట్టిపొయ్యిలు, వాటి మీద తీగజల్లెళ్ళు, జల్లెళ్ళ నిండా పొగబెట్టే నెత్తళ్ళ చేపలు, కింద రాజుకుంటున్న కొబ్బరిపీచు. ఉతికిన బట్టకీ, పిల్లల జుట్టుకీ, తినే మొక్కజొన్న ఆక్‌ప్లే ముద్దకీ ఒకటే వాసన. ఈ ఇంటి ఆడపిల్లలు పెళ్ళై పోతే అక్కడ పొగ లేక నిద్రపట్టడం లేదని కబురు పెడతారు. ఇలాంటి ఇంట్లో పొగ చూసి ఎవరూ లేవరు. పోయిన నెల సరిగ్గా అదే జరిగింది.

ఆ రోజు వల నిండా చేప పడింది. చీకటితో లేచి అలివి వల లాగిన మగవాళ్ళంతా ఒళ్ళు హూనమై, ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఎవరి గదిలో వాళ్ళు నిద్రపోతున్నారు. పాకలో నిప్పురవ్వ ఒకటి ఎగిరి, పాకకీ డోగ్బే గదికీ మధ్యనున్న తడిక అంటుకుంది. గదిలో డోగ్బే కవలలు ఆట్సూ, ఎట్సే పడుకుని ఉన్నారు. డోగ్బే కొట్లో ఉన్నాడు, వాళ్ళ తల్లి యావా ఊరి పక్క ఉప్పునీటి కయ్య ఒడ్డున చేపలు కడుగుతోంది. మంట చూసింది కోసీవా ఒక్కతే. మోకాళ్ళు లేవనివ్వక, కూర్చున్న చోటి నుంచే అరిచింది. నిప్పంటుకుంది, లేవండిరా, పిల్లలున్నారు అని గొంతు చిరిగిపోయేలా అరిచింది. ఒక్కడూ లేవలేదు. ఎందుకు లేస్తారు? రోజూ ఆ పొయ్యిల్ని చూసి, కొంపకి నిప్పెడతారే మీరు అని అరిచేది ఆవిడే కదా. కయ్య దగ్గర్నుంచి యావా మంట చూసి పరుగెత్తుకొచ్చి పిల్లల్ని బయటికి లాగేసరికి ఎట్సే వీపు కాలింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవర్నడిగినా ఒకటే జవాబు, మాకేం వినపడలేదని. ఇంటిపెద్ద అమెటేపే, కోసీవాకి మరిది, ఇంకో అడుగు ముందుకేశాడు. అసలు అరిచావా వదినా అని నలుగురి ముందూ అడిగాడు. యావా అయితే ఆవిడ మొహం చూడటమే మానేసింది. కోసీవాకి ఏడుపొచ్చినంత పనైంది. ఏడిస్తే వీళ్ళు సంతోషిస్తారని ఏడవకుండా, మర్నాటి నుంచి ఇంకాస్త గట్టిగా తిట్టడం మొదలుపెట్టింది.

ఇప్పుడు వేపచెట్టు కింద యావా చేపల బుట్ట దించి మొగుడి పక్కన నిలబడింది.

"ఏదీ, ఏం పెడుతున్నావు దీన్లో?"

డోగ్బే లాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి మిరియపుగింజ అంత ముక్క చూపించాడు. "ఇది వేడి పసిగడుతుంది. గది వేడెక్కితే మోగుతుంది. పొగతో దీనికి పన్లేదు, నీ పొయ్యిలకి మోగదు."

"గది వేడెక్కేదాకా నా పిల్లలు లోపల ఉడకాలా?"

"పొగ చూసే కన్ను పెడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతూనే ఉంటుందే. నువ్వే తీసి కయ్యలో పారేస్తావు."

"నా పొయ్యికి మోగకూడదు, నా పిల్లలకి మోగాలి. అది కుదరకపోతే నువ్వు రిపేర్లు మానేసి వల లాగడానికి పో."

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట," అంది కోసీవా గుమ్మంలోంచి. "బిడ్డ వీపు ఇంకా మానలేదు, వీళ్ళకి గింజా కన్నా అని పోట్లాట."

యావా అటు తిరగలేదు. "ఆ గొంతుని ఊరుకోమను," అంది మొగుడితో. "కావలసినప్పుడు లేవదు గానీ ఇప్పుడు లేస్తోంది."

కోసీవా పీట చప్పుడయ్యేలా జరుపుకుని, చుట్టూ తిరుగుతున్న కోడిని తిట్టింది.

డోగ్బే చివరికి కన్నునే ఎంచుకున్నాడు. పాలడబ్బా లోపలంతా మసి పూశాడు. ఒక పక్క లైటర్లోని చిన్న దీపం పెట్టాడు. ఇంకో పక్క సోలార్ దీపంలోంచి ఊడదీసిన కన్ను పెట్టాడు. చీకటి పడిందని కనిపెట్టి దీపం వెలిగించేది ఆ కన్నే. దీపం నేరుగా కన్నుకి కనపడకుండా మధ్యలో రేకు అడ్డు పెట్టాడు. డబ్బాలో గాలి తేటగా ఉన్నంతసేపూ కన్నుకి అంతా చీకటే. పొగ దూరిందంటే వెలుగు ఆ పొగ మీద పడి చెదిరి కన్నుకి తగులుతుంది. పాత రేడియోలో శబ్దం పెంచే మర ఒకటి తగిలించి, ఎంత పొగకి లేవాలో దానితో సరిచేశాడు. కొబ్బరిపీచు పొగ పెట్టి చూశాడు, కాలిన పరుపులోని దూది పొగ పెట్టి చూశాడు. పొయ్యిల నుంచి పల్చగా వచ్చే పొగకి ఊరుకుని, గది కమ్మేసే పొగకి మాత్రం లేచేలా మర తిప్పడానికి మూడు పూటలు పట్టింది. అన్ని పూటలా కోసీవా పీట మీదనే ఉంది. డబ్బా మొదటిసారి సరిగ్గా పనిచేసినప్పుడు, ఇదేదో మీ నాన్నకున్న తెలివే, మీ అమ్మది కాదు అంది. ఆవిడ మెచ్చుకోలు అంతవరకే వెళుతుంది.

అసలు చిక్కు శబ్దం దగ్గర వచ్చింది.

మొదట మోటారుసైకిలు దొంగతనాలకి మోగే సైరన్ బిగించాడు. మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ ఎవరికీ చెప్పకుండా డబ్బాలోకి పొగ వదిలాడు. చెవులు చిల్లులు పడేలా మోగింది. అమెటేపే గదిలోంచి మాత్రం, "ఒరే కొఫీగా, నీ బండి మీద మేకెక్కింది చూడు," అని కేక వినపడింది. కొఫీగా అమెటేపే చిన్నకొడుకు. నిద్రలోనే, "దిగుతుందిలే నాన్నా," అన్నాడు. ఇద్దరూ మళ్ళీ గురక పెట్టారు.

సరుకులు మోసే మూడు చక్రాల బండి వెనక్కి వచ్చేటప్పుడు కూసే కూత పెడితే, వరండాలో పడుకున్నవాళ్ళు కళ్ళు తెరవకుండా కాళ్ళు ముడుచుకుని బండికి దారిచ్చారు. దండోరా గంట చప్పుడు పెడదామనుకునేలోపే అమెటేపేకి తెలిసిపోయింది. దండోరా వేసేవాడి గంట ఇంకొకడు మోగిస్తే పెద్దల ముందు తప్పు కట్టాలి, నీ డబ్బా కోసం నేను కట్టను అని కర్ర నేలకేసి కొట్టి చెప్పాడు. అప్పుడు డోగ్బే ఎలుగుబంటి బొమ్మ కడుపు కోశాడు. మనం చెప్పింది దాచుకుని మళ్ళీ పలికే ముక్క అందులో ఉంది. దానికి పాత మినీ బస్సు స్పీకరు కలిపి, తన గొంతుతోనే, "నిప్పు, నిప్పు, బయటికి రండి," అని నింపాడు. పొగ పెట్టగానే అది లోగిలంతా దద్దరిల్లేలా అరిచింది.

కాసేపటికి అమెటేపే పెళ్ళాం బయటికి వచ్చింది. డోగ్బే మొహం వెలిగింది.

"నరకంలో నిప్పు గురించి చెప్పే ఆ పాస్టరు బండి ఇంటి ముందు ఆపాడా ఏంటి?" అందామె కళ్ళు నులుముకుంటూ. "పిల్లలు పడుకున్నారు, ముందుకి పొమ్మను."

కోసీవా పొట్ట పట్టుకుని నవ్వింది. "తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదరవురా. ఇవి కుందేళ్ళు కూడా కాదు, ఏనుగులు."

డోగ్బే డబ్బా నేలకేసి కొట్టబోయి ఆగాడు. ఆవిడ వంక అసహ్యంగా చూశాడు. "నవ్వు. ఎట్సే వీపు చూసి కూడా నవ్వు. ఈ ఇంట్లోవాళ్ళు దేనికి లేస్తారో నువ్వే చెప్పు చూద్దాం. రోజూ అరిచి అరిచి వీళ్ళ చెవులు మొద్దుబారేలా చేసింది నువ్వే కదా."

కోసీవా నవ్వు ఆగిపోయింది. వాడు అన్నది తప్పు కాదు, అందుకే అంత మండింది. దేనికి లేస్తారో ఆవిడకి తెలుసు. తెలిసినా చెప్పకూడని సంగతి అది.

ఆవిడ పుట్టింది కయ్యవాడలో కాదు, సముద్రం వైపున్న కడలివాడలో. ఆ కాలంలో రెండు వాడలకీ పడేది కాదు. పడనివాళ్ళు కత్తులు దూసేవారు కాదు, పాటలు కట్టేవారు. డప్పులు పెట్టి, జనాన్ని పోగుచేసి, ఎదుటివాడ పెద్దల గుట్టంతా పాటలో పెట్టి పాడేవారు. కోసీవా తండ్రి ఆ తిట్టుపాటలు కట్టడంలో దిట్ట. అమెటేపే తాత మీద ఆయన కట్టిన ఒక్క పాటకి రెండు వాడల్లోనూ తలలు పగిలాయి. చివరికి సర్కారు ఆ పాటలన్నీ ఆపించింది. పెద్దలు రాజీ కుదిర్చి, పాట కట్టినవాడి కూతుర్ని పాట పడ్డవాళ్ళ ఇంటికి కోడలిగా పంపారు. పెళ్ళినాడు నేల మీద సారా ఒలికించి ఒట్టు పెట్టించారు. ఈ కంచె లోపల కోసీవా నోటి నుంచి ఆ పాట వచ్చిన రోజు, ఆవిడ తన పెట్టె నెత్తిన పెట్టుకుని కడలివాడకి వెళ్ళిపోవాలి.

యాభై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో ఎవరెంత గుచ్చినా, సవతి వచ్చినా, మొగుడు పోయినా, కోసీవా నోటికి రాని తిట్టు లేదు గానీ ఆ పాట మాత్రం రాలేదు. ఎందుకంటే ఇప్పుడు వెళ్ళడానికి కడలివాడ లేదు. సముద్రం ఏటా కాస్త కొరికి, ఒక్కో ఇల్లూ మింగి, ఆవిడ తండ్రి గుమ్మం ఉన్న చోట ఇప్పుడు పడవలు తిప్పుతున్నారు. తోబుట్టువులు ఎవరూ మిగల్లేదు. ఈ ఇంట్లోంచి పొమ్మంటే కోసీవాకి బస్టాండు తప్ప చోటు లేదు. అమెటేపేకి అది తెలుసు. ఆవిడ నోరు జారే రోజు కోసం అతను ఎంత ఓపిగ్గా కాచుకున్నాడో ఆవిడకీ తెలుసు.

ఆ సాయంత్రం యావా ఎట్సేని ఒళ్ళో బోర్లా వేసుకుని వీపుకి మందు రాస్తోంది. వాడు ఏడుస్తున్నాడు. కోసీవా అలవాటు కొద్దీ, ఊరుకోబెట్టవే వాణ్ని అని అరిచింది. వాడు ఏడుపాపి తల తిప్పి చూసి, తల్లిని అడిగాడు, "అవ్వ ఉత్తినే అరుస్తోందా, నిజంగా అరుస్తోందా?"

"ఉత్తినే," అంది యావా. "అవ్వ ఎప్పుడూ ఉత్తినే అరుస్తుంది."

కోసీవా ఆ రోజు తిండి తినలేదు. భయమేసింది. బస్టాండులో పెట్టె మీద కూర్చున్న తన బొమ్మ కళ్ళ ముందు కదిలింది. ఆ నాలుగేళ్ళ వెధవ కోసం అంత పని చేయాలా అని తనని తానే తిట్టుకుంది. ఎంత తిట్టుకున్నా వాడడిగిన ప్రశ్న చెవిలోంచి పోలేదు.

మర్నాడు డోగ్బే కొట్టుకి పోతుంటే పిలిచింది. "ఆ బొమ్మ కడుపులో ముక్క పట్టుకుని ఉల్లిమడుల దగ్గరకి రా. కంచె దాటి, చివరి మడి దగ్గరకి."

"ఎందుకు?"

"నీ పెళ్ళికి. రమ్మంటే రా."

ఉల్లిమడుల అవతల మనుషులెవరూ లేరు. కోసీవా గట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. "నొక్కు," అంది. డోగ్బే నొక్కాడు. ఆవిడ తండ్రి పాడినట్టే, ముక్కులోంచి సాగదీసి, ప్రతి పాదం చివరా మనిషిని చెంపదెబ్బ కొట్టినట్టు ఆపి పాడింది.

ఏడవడానికెళ్ళాడు ఒట్టి కాళ్ళతో అగ్బోజో,
ఏడ్చి తిరిగొచ్చాడు కొత్త చెప్పులతో అగ్బోజో,
పైలోకం ఇసకలో కాళ్ళు కాలి శవమడుగుతోంది,
నా చెప్పులేవి, నా చెప్పులిచ్చెయ్ అగ్బోజో.

డోగ్బే ఆ పాట గురించి వినడమే గానీ ఎన్నడూ పాట వినలేదు. వినగానే మొహం నల్లబడింది. చేతిలో ముక్కని పట్టుకున్న పిడికిలి బిగుసుకుంది. తాత తండ్రి పేరది, తన పేరు చివర ఉన్నదీ అదే. ఒక్క క్షణం వాడు తనని కొడతాడనే అనుకుంది కోసీవా.

"ఏంట్రా, కొడతావా?"

"కొట్టాలనే ఉంది."

"అయితే పనిచేస్తుంది," అంది. "వేడి గింజా పొగ కన్నా అని చూస్తివి గానీ ఇది చూసుకోలేదు నువ్వు. వీళ్ళ చెవి దేనికి అలవాటు పడలేదో అదే పెట్టాలి. బిగించుకో పో."

"బాబాయికి తెలిస్తే నిన్ను పంపేస్తాడు పెద్దమ్మా."

"తెలియకపోతే మంచిదే. నిప్పు రాకపోతే ఎవరికీ తెలియదు. వస్తే మీ బాబాయి సంగతి తర్వాత చూసుకుంటాను."

డోగ్బే డబ్బాని పిల్లల మంచం పైన దూలానికి కట్టాడు. పొగ పెట్టి పరీక్షించడానికి ఈసారి వీల్లేదు. యావాకి చెప్పక తప్పలేదు. ఆవిడ గొంతు నా పిల్లల నెత్తి మీదా అని ఆమె మూతి ముడిచింది. డబ్బా మాత్రం తీయమనలేదు.

ఉత్తరపు పొడిగాలి మొదలైన రోజుల్లో ఒక సంతనాడు యావా చేపలు అమ్మడానికి వెళ్ళింది. పిల్లల్ని తోడికోడలికి అప్పజెప్పింది. తోడికోడలు వాళ్ళని పడుకోబెట్టి, బయటికి పోకుండా తలుపుకి గొళ్ళెం పెట్టి, తన గదిలో తనూ పడుకుంది. డోగ్బే కొట్లో ఉన్నాడు. మగవాళ్ళు వల లాగొచ్చి నిద్రపోతున్నారు. కోసీవా కూడా గుమ్మంలో పీట మీద కునికిపాట్లు పడుతోంది.

తన గొంతు తనకే వినపడి మెలకువ వచ్చింది. కలేమో అనుకుంది. ఏడవడానికెళ్ళాడు ఒట్టి కాళ్ళతో అగ్బోజో అని లోగిలంతా మోగిపోతోంది. బస్సు స్పీకరు ఆ గొంతుని నాలుగింతలు చేసింది.

తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. యాభై ఏళ్ళలో ఆ ఇల్లు అంత వేగంగా లేవలేదు. అమెటేపే లుంగీ చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని ముందు వచ్చాడు. వెనక కొఫీగా తెడ్డుతో, ఆ వెనక కోడళ్ళు రోకళ్ళతో, పక్కింటివాళ్ళు ఒట్టి చేతులతో. అందరూ వచ్చింది కోసీవా గుమ్మం ముందుకే. ఒక్కరు కూడా పిల్లల గది వైపు చూడలేదు. డోగ్బే గానీ కోసీవా గానీ ఊహించనిది అదే. కోపంతో లేచినవాడు కోపం ఉన్న వైపే పరుగెడతాడు.

"పాడావు," అన్నాడు అమెటేపే. "ఇన్నాళ్ళకి పాడావు. మా తాత పేరు పెట్టి, మా ఇంట్లో కూర్చుని."

"దీన్ని ఇవాళే గెంటాలి నాన్నా," అన్నాడు కొఫీగా. "నోరు ముయ్యవే ముసలీ, ఇంకా పాడుతోంది చూడు."

కోసీవా లేవబోయింది. కొఫీగా తెడ్డు అడ్డం పెట్టాడు. వాళ్ళ భుజాల మీదుగా డోగ్బే గది కిటికీలోంచి పొగ వస్తూ కనపడుతోంది. నిప్పు అని అరవడానికి నోరు తెరవబోయి ఆగింది. అరిస్తే ఎవరు వింటారు? పోయినసారి విన్నారా? ఈసారి తప్పించుకోవడానికి అబద్ధమాడుతోందనుకుంటారు. లోపల ఇద్దరు పిల్లలు.

అప్పుడు కోసీవా తన జీవితంలో ఎప్పుడూ చేయని పని చేసింది. నోరు మూసుకుంది. రెండు పెదాలూ బిగించి, అమెటేపే కళ్ళలోకి చూస్తూ, తన నోటి మీద వేలు పెట్టుకుంది.

పాట ఆగలేదు. నా చెప్పులేవి, నా చెప్పులిచ్చెయ్ అని సాగుతూనే ఉంది. అమెటేపే ఆవిడ మూసిన నోటినీ, వేలునీ చూశాడు. కర్ర కిందికి దిగింది. ఆవిడ ఆ వేలు తీసి వాళ్ళ వెనక్కి చూపించింది. అందరూ తిరిగారు.

కొఫీగా తెడ్డుతోనే తలుపు పగలగొట్టి లోపలికి దూరాడు. ఆట్సూని ఒక చంకలో, ఎట్సేని ఇంకో చంకలో పెట్టుకుని బయటపడ్డాడు. పిల్లలు దగ్గుతున్నారు, ఏడుస్తున్నారు, ఒంటి మీద ఎక్కడా కాలలేదు. కోడళ్ళు నీళ్ళ కుండలన్నీ మళ్ళీ అంటుకున్న తడిక మీద గుమ్మరించారు. ఎవరో డబ్బా మీద కూడా నీళ్ళు పోశారు. పాట రెండో పాదం దగ్గర బుడబుడమని ఆగిపోయింది.

పొద్దు వాలే వేళకి ఇల్లంతా వేపచెట్టు కింద చేరింది. యావా సంత నుంచి వచ్చి పిల్లలిద్దర్నీ ఒళ్ళోంచి దింపడం లేదు. కోసీవా పెట్టె సర్దుకుని, దాన్ని గుమ్మం బయటికి ఈడ్చుకొచ్చి, దాని మీదే కూర్చుంది. ఎవరో వచ్చి పొమ్మనేదాకా ఆగడం ఆవిడకి ఇష్టం లేదు.

"గొంతు నీదే కదా?" అన్నాడు అమెటేపే.

"నాదే."

"ఒట్టు గుర్తుందా?"

"కంచె లోపల నా నోటి నుంచి రాకూడదన్నారు. రాలేదు. కంచె బయట పాడాను. నా నోరు ఎలా ఉందో ఇందాక నువ్వే చూశావు. నీకు చత్వారముంటే నీ కొడుకునడుగు."

"మాటలు నేర్చావు."

"నేర్చిందేముంది. మా నాన్న పెట్టిన ఆస్తి."

డోగ్బే గొంతు సవరించుకున్నాడు. డబ్బాలో గొంతు తీసేస్తాను బాబాయ్, వేరే ఏదైనా పెడతాను అన్నాడు.

"ఏం పెడతావు?" అన్నాడు అమెటేపే.

మోటారుసైకిలు కూతకీ పాస్టరుదనుకున్న గొంతుకీ ఎవరు ఎలా లేచారో అక్కడున్నవాళ్ళందరికీ గుర్తుంది.

"పోనీ ముత్తాత పేరన్నా తీసెయ్," అన్నాడు కొఫీగా. "చెప్పుల ముక్క ఉంచు."

"పేరు తీస్తే నువ్వు లేస్తావా?" అంది యావా. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కోసీవా వైపు చూసింది, ఇన్నాళ్ళకి మొదటిసారి. ఆ చూపులో ప్రేమేమీ లేదు. "నువ్వంటే నాకు గిట్టదు అత్తా. ఎప్పటికీ గిట్టదు. ఆ గొంతు మాత్రం నా పిల్లల గదిలోంచి తీయడానికి వీల్లేదు."

కొందరు గొణిగారు. ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు. తీర్పు చెప్పవలసినవాడు అమెటేపే. అతను లేచి, కర్ర ఊనుకుంటూ వచ్చి కోసీవా ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా కాచుకున్న రోజు ఇదే కదా, ఇక పొమ్మంటాడనుకుంది ఆవిడ. పెట్టె అంచు గట్టిగా పట్టుకుంది.

"వినపడింది," అన్నాడు అమెటేపే నేల చూస్తూ.

"పాటే కదా. ఊరంతటికీ వినపడింది."

"పాట కాదు. పోయినసారి నువ్వు అరిచింది. పిల్లలున్నారు, లేవండిరా అని. వినపడింది వదినా. మళ్ళీ మొదలెట్టిందనుకుని పక్కకి తిరిగి పడుకున్నాను."

కోసీవా ఆ ఒక్క మాట కోసం ఇన్నాళ్ళుగా నిద్ర లేకుండా ఉంది. తీరా అది వచ్చాక ఆవిడకి ఏడుపు రాలేదు, ఆనందం రాలేదు. ఆ కర్ర లాక్కుని ఇతని నెత్తి మీద ఒక్కటి వేయాలనిపించింది. నోటి నిండా తిట్లు వచ్చి నిలబడ్డాయి. వాటిలో ఏది అన్నా చాలదని తోచి, ఏదీ అనలేదు.

పెట్టె మీద నుంచి లేచింది.

"రెండో పక్క పట్టుకో," అంది. "లోపలికి మొయ్యడం నా ఒక్కదాని వల్ల కాదు."

అమెటేపే కర్ర గోడకి ఆనించి వంగాడు.